ఒక్క సెకనులో ఒక రోజు

(హన్మకొండలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ టెలికం ఇంజినీర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినిపిస్తోందా? మైకు కాస్త గరగరమంటోంది. పర్లేదు, ఇవాళ మన సబ్జెక్టే గరగర.

నా చేతిలో ఉన్న ఈ డబ్బా చూడండి. ముందువైపు వరసగా ఎర్ర లైట్లు, వెనక ఒక టెలిఫోన్ వైరు, ఒక కంప్యూటర్ వైరు. డయలప్ మోడెమ్ అంటే ఇదే. మీలో చాలామంది పుట్టకముందే ఇది అటక ఎక్కింది. కింద లేబుల్ మీద సెకనుకు 28,800 బిట్లు అని ఉంది. ఇక ఈ రెండో డబ్బా మీ ఇళ్లలో ఉన్నదే. ఫైబర్ నెట్ కుర్రాడు వచ్చి గోడకు బిగించి, పాస్‌వర్డ్ చెప్పి పోతాడే, ఆ ఓఎన్‌టీ. దీనికి వచ్చే గాజు తీగలో సెకనుకు 248 కోట్ల 83 లక్షల 20 వేల బిట్లు దిగుతాయి.

మీ సార్ నన్ను పిలిచినప్పుడు అడిగిన ప్రశ్న చిన్నదే. "ఆ మొదటి డబ్బా లెక్కను రెండో డబ్బా లెక్కలోకి మార్చి పిల్లలకు చెప్పండి సార్" అన్నారు. భాగహారమే కదా, ఐదు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత టీ తాగొచ్చు అనుకున్నాను. ఆ ఐదు నిమిషాల పని ముందు చేసేద్దాం. ఎవరైనా ఫోను తీసి 2,48,83,20,000ని 28,800తో భాగించండి.

ఎంతొచ్చింది? 86,400. పాయింటు తర్వాత ఏమైనా ఉందా? ఏమీ లేదు. ఈ 86,400 ఎక్కడైనా విన్నట్టుందా? అవునమ్మా, కరెక్ట్. రోజుకు అన్ని సెకన్లు. గంటకు 3,600, ఇరవై నాలుగు గంటలకు 86,400.

అంటే ఈ మోడెమ్‌ను పొద్దున ఆరింటికి కలిపి, మర్నాడు పొద్దున ఆరింటిదాకా లైను తెగకుండా నడిపిస్తే ఎంత సరుకు వస్తుందో, మీ వీధి స్తంభం దాకా వచ్చే ఫైబర్‌లో అది ఒక్క సెకనులో వస్తుంది. ఒక్క బిట్టు ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ అంకెలతోనే బతికాను. అయినా ఈ సంగతి రిటైరయ్యాక, మనవడికి లెక్కలు చెబుతుంటే కనబడింది. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు, కాగితాల మీద గీస్తూ కూర్చున్నాను. మా ఆవిడ ఇంకా ఆ సంగతి ఎత్తుతుంటుంది.

ఇంత కచ్చితంగా ఎందుకొచ్చింది? దానికి కొంచెం వెనక్కి పోవాలి, మోడెమ్ కంటే వెనక్కి, మామూలు ఫోను మాటల దగ్గరికి.

మనిషి గొంతులో టెలిఫోన్ పట్టించుకునేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే. ఆ మాత్రం ఉంటే అవతల మాట్లాడేది బావో, బావమరిదో గుర్తుపట్టొచ్చు. ఆ గొంతును అంకెలుగా మార్చాలంటే, దానిలోని ఎక్కువ ఫ్రీక్వెన్సీకి రెండింతల కంటే ఎక్కువసార్లు కొలవాలి. నైక్విస్ట్ సూత్రం మీరు చదివే ఉంటారు. 3,400కు రెండింతలు 6,800. కొంచెం వెసులుబాటు ఉంచుకుని సెకనుకు 8,000 సార్లు అన్నారు. కొలిచిన ప్రతిసారీ ఎనిమిది బిట్లు రాస్తారు. ఎనిమిది వేలను ఎనిమిదితో గుణిస్తే 64,000. ఒక ఫోను కాల్ అంటే సెకనుకు 64 కిలోబిట్లు. గొంతును ఇలా అంకెల్లో పంపొచ్చన్న ఆలోచన 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంజినీర్‌కు వచ్చింది. అప్పటికి దాన్ని చవగ్గా చేసే సామాను లేదు. అమెరికాలో 1962లో గాని అది జనం వాడే లైన్ల మీదికి రాలేదు.

ఈ 8,000 అన్న అంకెను మాత్రం గట్టిగా పట్టుకోండి. సెకనుకు 8,000 సార్లు అంటే 125 మైక్రోసెకన్లకు ఒకసారి. రాగి తీగ పోయి గాజు తీగ వచ్చింది, మాటలు పోయి వీడియోలు వచ్చాయి, ఈ 125 మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ ఇంటి ఓఎన్‌టీకి కూడా పైనుంచి 125 మైక్రోసెకన్లకో కట్ట వస్తుంది. ఒక్కో కట్టలో 38,880 బైట్లు ఉంటాయి.

దీన్ని బోర్డు మీద గీస్తాను. ఇదిగో, నిలువుగా తొమ్మిది వరసలు, అడ్డంగా 270 గడులు. తొమ్మిదీ పూర్తిగా గీయను, అర్థం చేసుకోండి. ఒక్కో గడిలో ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు. మొత్తం 2,430 గడులు. ఈ పటం మొత్తం ఒకసారి వెళ్లడానికి పట్టే టైము 125 మైక్రోసెకన్లు. దీని పేరు ఎస్‌టీఎం-1. సెకనుకు 15 కోట్ల 55 లక్షల 20 వేల బిట్లు. పుస్తకాల్లో 155.52 మెగాబిట్లు అని రాస్తారు.

కాజీపేట జంక్షన్‌లో బండి బయల్దేరడం చూసే ఉంటారు. సీట్లు నిండినా నిండకపోయినా టైముకు కదలాల్సిందే. ఇదీ అంతే. 270 గడుల బండి, 125 మైక్రోసెకన్లకొకటి, ఖాళీగా ఉన్నా పోతుంది. మీరు ఒక గడి బుక్ చేసుకున్నారనుకోండి, ప్రతి బండిలోనూ అదే సీటు మీది. సెకనుకు 8,000 బండ్లు, ఒక్కోదాంట్లో మీ ఎనిమిది బిట్లు. ఎంతయింది? 64 కిలోబిట్లు. ఈ పటంలో ఒక గడి అంటే సరిగ్గా ఒక ఫోను కాల్. ఆప్టికల్ లెక్కలన్నిటికీ మూలం ఈ ఒక్క గడి. మిగతాదంతా గుణకారం.

అమెరికా వాళ్లు ఇందులో మూడో వంతును ఓసీ-1 అన్నారు, 51.84 మెగాబిట్లు. ఓసీ-3 అన్నా మన ఎస్‌టీఎం-1 అన్నా వేగం ఒకటే. తర్వాత అన్నీ నాలుగింతలు. ఎస్‌టీఎం-4, ఎస్‌టీఎం-16, ఎస్‌టీఎం-64. ఇప్పుడు నా మోడెమ్ గడియారంతో చెప్తాను. ఎస్‌టీఎం-1లో ఒక సెకను అంటే మోడెమ్‌కు గంటన్నర. ఎస్‌టీఎం-4 అయితే ఆరు గంటలు. ఎస్‌టీఎం-16 ఒక రోజు. ఎస్‌టీఎం-64 నాలుగు రోజులు. మీ ఇంటికి వచ్చే ఫైబర్ పద్ధతిని జీపాన్ అంటారు, దాని దిగుడు వేగం ఎస్‌టీఎం-16తో సమానం, అందుకే సరిగ్గా రోజు వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. తొమ్మిది, 270, పదహారు, 64. వీటిని ఎంత విడగొట్టినా రెండు, మూడు, ఐదు తప్ప ఇంకో అంకె దొరకదు. గంటలు, నిమిషాలు కూడా అంతే, అరవైలు, ఇరవై నాలుగులు. మోడెమ్ 28.8 కూడా అదే జాతి. అందుకే శేషం లేకుండా కలిశాయి. ఇంకో తమాషా, ఐదు పన్నెండ్లు వరసగా పేర్చి గుణించండి, 2,48,832 వస్తుంది. దాని పక్కన నాలుగు సున్నాలు పెడితే మీ ఇంటి ఫైబర్ వేగం. డజన్ల లెక్క! మా నాన్న అరటిపళ్ల లెక్క చూసినట్టు ఇంటర్నెట్ లెక్క చూడొచ్చు. (నవ్వులు)

అదే 56కే మోడెమ్, అంటే సెకనుకు 56,000 బిట్లది, తీసుకుంటే పన్నెండు గంటల ఇరవై నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు, ఇంకా కొంచెం మిగులుతుంది. కారణం 56లో ఏడు దూరింది. ఆ ఏడు ఎలా వచ్చిందో తర్వాత చెప్తాను.

ముందు ఈ మోడెమ్ సంగతి పూర్తి చేద్దాం. టెలిఫోన్ లైను మాటల కోసం వేసింది. దానికి అంకెలు అర్థం కావు, చప్పుళ్లే అర్థమవుతాయి. కాబట్టి మోడెమ్ అంకెలను చప్పుళ్లుగా మార్చి అరుస్తుంది. అవతలి మోడెమ్ ఆ అరుపును మళ్లీ అంకెలు చేసుకుంటుంది. కలిసేటప్పుడు కీచుమని, బుర్రుమని, ఇసుక జల్లించినట్టు వినిపించేది. అది గోల కాదు, బేరం. "నీ లైను ఎలా ఉంది? ఎంత వేగం తట్టుకుంటావు?" "ఇంత." "లేదు, గరగర ఉంది, కొంచెం తగ్గించు." మా స్టాఫ్‌లో ఒకాయన ఆ చప్పుడు విని, ఎంత వేగం మీద కలిసిందో స్క్రీన్ చూడకుండా చెప్పేవాడు. పదిసార్లకు ఎనిమిదిసార్లు సరిగ్గా ఉండేది.

1994లో వచ్చిన వీ.34 అనే ప్రమాణంతో 28.8 సాధ్యమైంది. ఇక్కడ మీవాళ్లు పరీక్షలో తప్పు రాసే మాట ఒకటుంది, బాడ్. సెకనుకు ఎన్నిసార్లు చప్పుడు మారిందన్నది బాడ్. ఈ మోడెమ్ సెకనుకు 3,200 సార్లు చప్పుడు మార్చి, ఒక్కో మార్పులో తొమ్మిది బిట్లు మోస్తుంది. గుణిస్తే 28,800. ఇది 28,800 బాడ్ కాదు. ఇంత చెప్పినా ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, అదీ నాలుగు పెద్ద నగరాలతో మొదలు. మా ఇంట్లోకి ఈ డబ్బా వచ్చేసరికి 1999 అయింది. వచ్చిన కొత్తలో పక్కింటి అమ్మాయికి అమెరికా సంబంధం. అబ్బాయి ఫొటో ఈమెయిల్‌లో పంపారు. ఫొటో ఎనిమిది వందల కిలోబైట్లు. ఎనిమిదితో గుణిస్తే 64 లక్షల బిట్లు, 28,800తో భాగిస్తే 222 సెకన్లు. నాలుగు నిమిషాల లోపే. కాగితం మీద అంతే. పిల్ల తల్లి, మేనత్త, అమ్మమ్మ నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఫొటో పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. ముందు కొబ్బరి చెట్టు, తర్వాత జుట్టు. "జుట్టు ఉంది" అంది అమ్మమ్మ, పెద్ద గండం గడిచినట్టు. నుదురు, కనుబొమ్మలు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ ముందు గదిలో ప్యారలల్ ఫోను ఎత్తింది. లైను తెగిపోయింది. స్క్రీన్ మీద నో క్యారియర్ అని పడింది. "క్యారియర్ లేదంట" అన్నాను. "అన్నం క్యారియర్‌తో పనేంది, పిలగాని ముక్కు ఎట్లుందో చూపియ్" అంది అమ్మమ్మ. (నవ్వులు) మళ్లీ మొదటి నుంచి, మళ్లీ కొబ్బరి చెట్టు. అప్పట్లో లోకల్ కాల్‌కు మూడు నిమిషాలకో యూనిట్. ముక్కు కనపడేసరికి ఎన్ని యూనిట్లయ్యాయో బిల్లు వచ్చాక తెలిసింది.

ఆ ఫొటో మీ ఇంటి ఫైబర్ తీగలో ఎంతసేపు? సెకనులో మూడు వందల వంతు కూడా పట్టదు. కంటి రెప్ప వాలడం మొదలుపెట్టే లోపు వచ్చేస్తుంది. అమ్మమ్మ జుట్టు గురించి టెన్షన్ పడే అవకాశమే లేదు.

ఇక 56కే. మామూలు ఫోను లైను మీద అటూ ఇటూ చప్పుళ్లతో పోతే 35 కిలోబిట్ల దరిదాపుల్లో గోడ అడ్డొస్తుంది. లైను వెడల్పు, గరగర, ఈ రెండింటిని బట్టి ఎంత సరుకు పడుతుందో షానన్ అనే గణిత శాస్త్రవేత్త 1948లోనే లెక్క కట్టి పెట్టాడు. మరి 56 ఎలా వచ్చింది? ఇంటర్నెట్ కంపెనీ వైపు చప్పుడు లేకుండా చేశారు. వాళ్లు నేరుగా డిజిటల్ లైను తీసుకున్నారు. అటునుంచి అంకెలు అంకెలుగానే ఎక్స్ఛేంజ్ దాకా వస్తాయి, అక్కడినుంచి మీ ఇంటికి మాత్రమే చప్పుడు. ఒక కాల్‌కు 64 ఉంది గదా, అందులో ఎనిమిది బిట్లకు ఏడు నమ్మకంగా వాడుకున్నారు. ఎనిమిది వేలు, ఏడు, 56,000. అదిగో మీ ఏడు. అందుకే అది మీవైపు దిగేటప్పుడే 56, మీరు పంపేటప్పుడు 33.6.

ఇప్పుడు ఆ భాగహారం నన్ను ముంచిన కథ.

2000 దాటిన రోజులు. నేను పనిచేసేచోట డయలప్ కస్టమర్ల కోసం ఒక మోడెమ్ పూల్, అంటే వాళ్ల కాల్స్ అందుకునే మోడెమ్‌ల గుంపు, పెడుతున్నారు. ఎన్ని ఈ1 లైన్లు కావాలో ఎస్టిమేట్ వెయ్యమని నాకిచ్చారు. ఈ1 అంటే 32 గడుల లైను, సెకనుకు 2,048 కిలోబిట్లు. మాటలకైతే 30 కాల్స్ పడతాయని నాకు తెలుసు, ఒక గడి టైము కలుపుకోవడానికి, ఇంకోటి సిగ్నలింగ్‌కు. కానీ ఇది మాటలు కాదు కదా, డేటా కదా అనుకున్నాను. 2,048ని 56తో భాగించాను. 36.57. పాయింటు తీసేసి 36 మంది అని రాశాను. పది ఈ1లకు 360 మంది. సంతకం పెట్టి పంపించాను. పైవాళ్లూ చూశారు, సంతకం పెట్టారు.

మొదలైన వారానికే సాయంత్రం ఏడు దాటితే ఎంగేజ్ టోన్. ఫోన్ల మీద ఫోన్లు. 360 మందికి సరిపోతుందన్న సార్ ఎవరు అని వెతుక్కుంటూ వచ్చారు. నేను గంటసేపు కేబుళ్లు తనిఖీ చేశాను, మోడెమ్‌లు తీసి పెట్టాను, తప్పు సామానుదేనని గట్టిగా నమ్మి. చివరికి ఒక జూనియర్ కుర్రాడు మానిటర్ చూస్తూ అన్నాడు, "సార్, ఎప్పుడు చూసినా మూడు వందల దగ్గర ఆగుతోంది." అప్పుడు తలకెక్కింది. మోడెమ్ 56 వాడుకున్నా, 28.8 వాడుకున్నా, గరగర లైను మీద 9.6కే కలిసినా, దానికి కేటాయించింది ఒక పూర్తి గడి. బస్సులో సన్నగా ఉన్నాయన కూర్చున్నా ఒక సీటే, లావుగా ఉన్నాయన కూర్చున్నా ఒక సీటే. సన్నవాళ్లు పది మంది ఎక్కారని కండక్టర్ సీట్లు పెంచలేడు గదా. పది ఈ1లు అంటే 300 మంది. 301వ మనిషికి ఎంగేజ్ టోన్.

కాబట్టి "ఒక ఎస్‌టీఎం-1లో ఎన్ని మోడెమ్‌లు పడతాయి" అని ఎవరైనా అడిగితే, మీరు తిరిగి ఒక ప్రశ్న అడగండి. కొలత కావాలా, కాపురం కావాలా అని. కొలత అయితే భాగించండి, 28.8వి 5,400 వస్తాయి. నిజంగా కాల్స్‌గా ఎక్కించాలంటే లెక్క వేరు.

మీలో రైతుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా. మిర్చి బస్తా మార్కెట్‌కు తీసుకెళ్తే తేమ అని కొంత, తాలు అని కొంత, గోనె బరువని కొంత తీస్తారు. తరుగు. ఇక్కడా తరుగే. బోర్డు మీద 2,430 గడులు ఉన్నాయి. అందులో మొదటి తొమ్మిది నిలువు వరసలు, 81 గడులు, లైను కాపలాకు పోతాయి. బండి ఎక్కడ మొదలైంది, దారిలో బిట్లు చెడిపోయాయా, ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకునే చానల్, అన్నీ వాటిలోనే. ఇంకో తొమ్మిది గడులు సరుకు చీటీకి. మిగిలింది 2,340. దీనిలో ఈ1లను పెడతాం. ఒక్కో ఈ1కు 32 గడులు చాలు, కానీ దానికిచ్చే అర 36 గడులది, కొంచెం అటూ ఇటూ కదలడానికి చోటుండాలని. అలాంటివి 63 పడతాయి. 63 ముప్పైలు 1,890. అంతే. 5,400 అనుకున్న చోట 1,890. నూటికి ముప్పై అయిదు. 56కేతో భాగిస్తే 2,777 వస్తుంది, అక్కడా దిగేది 1,890 మందే.

అయితే ఈ తరుగు ఎవరి జేబులోకీ పోదు. ఆ కాపలా గడులు లేకపోతే జేసీబీ వాడు రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపినప్పుడు ఎక్కడ తెగిందో, ఏ వైపు మళ్లించాలో తెలిసేది కాదు. పాత పద్ధతిలో ఇంకా అన్యాయం. నాలుగు ఈ1లు కలిపితే 8.192 మెగాబిట్లు రావాలి, కానీ లైను 8.448. ఒక్కో ఎక్స్ఛేంజ్ గడియారం ఒక్కో తీరుగా నడిచేది కాబట్టి సర్దుబాటుకు కొసరు బిట్లు పోసేవాళ్లు. మధ్యలో ఒక్క ఈ1 బయటికి తీయాలంటే మొత్తం మూట విప్పాల్సిందే. గడియారాలు కలిపి, ఆ మూటల బాధ తీర్చిందే 1988లో ప్రమాణంగా వచ్చిన ఈ ఎస్‌డీహెచ్, అంటే మన ఎస్‌టీఎంల పద్ధతి.

ఇప్పుడు ఎస్‌డీహెచ్ కూడా పెద్దమనిషైంది. దాని మీద ఓటీఎన్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. అక్కడ కొలతల పేర్లు ఓటీయూ1, ఓటీయూ2, ఇలా. ఓటీయూ1 అంటే ఏమీ లేదు, ఎస్‌టీఎం-16ను మొత్తంగా ఒక పెట్టెలో పెట్టి, పైన తప్పులు దిద్దే బిట్లు చుట్టారు. 238 భాగాల సరుకును 255 భాగాల పెట్టెలో పెట్టడం. దాని వేగం సుమారు 2.666 గిగాబిట్లు. మన మోడెమ్ గడియారంలో చెప్పాలంటే 25 గంటల 42 నిమిషాల 51 సెకన్లు. లోపల రోజు రోజులాగే ఉంది. పైన చుట్టిన గంటా నలభై మూడు నిమిషాల గుడ్డ, దారిలో దెబ్బతిన్న బిట్లను బాగుచేసుకోవడానికి. దీనివల్ల అదే తీగ మీద ఇంకా దూరం పోవచ్చు. డేటా షీట్‌లో 2.666 చూసి నా కస్టమర్‌కు 2.666 ఇస్తానని రాయకండి. అలా రాసినవాణ్ని కాబట్టే చెప్తున్నా.

ఏమ్మా, చెయ్యి ఎత్తావు? అడుగు.

(విద్యార్థిని: సార్, మరి ఇదంతా కాంతి వేగం వల్లే కదా? రాగిలో కరెంటు మెల్లగా పోతుంది, గాజులో వెలుగు వేగంగా పోతుంది.)

చాలామంది అలాగే అనుకుంటారు. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. రాగిలో సిగ్నల్ కూడా దాదాపు ఆ దరిదాపుల్లోనే పోతుంది. నడక ఇద్దరిదీ ఒకటే, మోసే బరువులోనే తేడా. ఒకడు సైకిల్ మీద, ఒకడు గూడ్స్ బండితో. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. 125 మైక్రోసెకన్లలో వెలుగు 25 కిలోమీటర్లు పోతుంది. అంటే ఇప్పుడు, ఈ క్షణాన, ఇక్కడికీ హైదరాబాద్‌కూ మధ్య గాజు తీగలో ఆరు బండ్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. ఏడోది ఇక్కడ కదిలేసరికి మొదటిది అక్కడ దిగుతుంది. ఫైబర్ గొప్పతనం తక్కువ దెబ్బతినడంలో, ఎక్కువ పట్టడంలో ఉంది.

ఇంకొకటి. మీరంతా కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి తిట్టేది. "వంద ఎంబీ ప్లాన్ అన్నారు, డౌన్‌లోడ్ పన్నెండే చూపిస్తోంది." లైను బిట్లలో కొలుస్తారు, ఫైలు బైట్లలో. ఇంగ్లిష్‌లో చిన్న బీ, పెద్ద బీ అని తేడా ఉంది, తెలుగులో రాస్తే అదీ కనపడదు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. కొంచెం తరుగు పోతే పన్నెండు. వాళ్లను తిట్టకండి. కనీసం ఈ విషయంలో తిట్టకండి. లైను లెక్కలో కిలో అంటే వెయ్యే, 1,024 కాదు, అది కూడా గుర్తుంచుకోండి.

(విద్యార్థి: సార్, ఆ 248 కోట్లు మా ఇంటికేనా మొత్తం?)

అంత ఆశ వద్దు తమ్ముడూ. స్తంభం మీద స్ప్లిట్టర్ ఉంటుంది, చిన్న డబ్బా. ఒక తీగ వెలుగును ముప్పై రెండు ఇళ్లకో, అరవై నాలుగు ఇళ్లకో పంచుతుంది. మీ ఇంటి డబ్బాకు వీధి మొత్తానిదీ వస్తుంది, అది తనది మాత్రం తీసుకుని మిగతాది వదిలేస్తుంది. పక్కింటిది చదవకుండా తాళం వేసి పంపుతారు. పైకి పంపేటప్పుడు మాత్రం వంతులు. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల లైనులాగ, ఎవరి వంతు వస్తే వాళ్లు. ఆ వైపు వేగం సగం, అంటే మోడెమ్ లెక్కలో పన్నెండు గంటలు.

సరే, ముప్పై రెండు ఇళ్లూ ఒకేసారి క్రికెట్ మ్యాచ్ పెట్టారనుకో, ఒక్కో ఇంటికి 77.76 మెగాబిట్లు. అంటే సెకనుకు నలభై అయిదు నిమిషాల మోడెమ్. మరి వంద ప్లాన్ ఎలా అమ్ముతున్నారు? అందరూ ఒకేసారి వాడరన్న ధైర్యంతో. నేను మోడెమ్ పూల్‌కు వేసిన లెక్కలోనూ అదే ధైర్యం ఉండేది, పది మంది కస్టమర్లకు ఒక లైను చాలని. మా ధైర్యం సాయంత్రం ఏడు తర్వాత చాలలేదు.

ప్రభుత్వం లెక్కల్లోనూ పాత గడి కనపడుతుంది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కిలోబిట్లు అన్నారు, నాలుగు గడులు. 2013లో 512, ఎనిమిది గడులు. 2023లో రెండు మెగాబిట్లు, దాదాపు ఒక ఈ1. నా పది ఈ1ల మీద 300 మందిని కూర్చోబెట్టాను. ఈ లెక్కన ఇప్పుడైతే పది మంది.

చివరి ప్రశ్న ఒకటి తీసుకుందాం, బయట టీ చల్లారుతోంది.

(విద్యార్థి: సార్, ఈ మోడెమ్ ఇప్పుడు పని చేస్తుందా?)

ప్లగ్గు పెడితే లైట్లు వెలుగుతాయి, నిన్ననే చూశాను. మా ఇంట్లో ఇప్పుడు ల్యాండ్‌లైన్ ఓఎన్‌టీ వెనక రంధ్రంలోంచే వస్తుంది. దానికి తగిలించి, ఇలాంటిదే ఇంకో పాత మోడెమ్ ఉన్న మా ఫ్రెండ్ ఇంటికి డయల్ చేశాను. కాసేపు కీచుమంది, బుర్రుమంది, 9,600కు దిగి బేరం కుదిరినట్టే కుదిరి తెగిపోయింది. ఫైబర్ మీద మాటలు ముక్కలు ముక్కలుగా, కట్టలు కట్టి పోతాయి. మధ్యలో ఒక కట్ట కొంచెం ఆలస్యమైతే మన చెవికి తెలియదు గానీ మోడెమ్‌కు అక్కడే తాళం తప్పుతుంది. నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి పదకొండు సెకన్లు నిలబడింది. స్క్రూడ్రైవర్ తెచ్చాను, దీన్ని విప్పి చూడాలనుకున్నవాళ్లు ముందుకు రండి. మిగతావాళ్లు టీ దగ్గరికి.